నల్ల జిరాక్సులో ఎర్ర అక్షరాలు

జిరాక్సు యంత్రంలోంచి అప్పుడే బయటికి వచ్చిన కాగితం వెచ్చగా, కాస్త కమురు వాసనతో ఉంటుంది. మొన్న సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఆధార్ కార్డు నకలు తీయించుకుంటుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. విజయక్క గుర్తొచ్చి నవ్వేశాను. నా ఆధార్ ఫొటో చూసి నేనే నవ్వుకుంటున్నాననుకున్నాడేమో, అప్పటిదాకా బిగపట్టుకున్న దుకాణంవాడు కూడా ధైర్యంగా నవ్వాడు.

విజయక్క నాకు సొంత అక్క కాదు, నాకు పని నేర్పిన పై అధికారి. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ని. ఒకరినొకరు భరించలేమని లెక్కల సారుకీ నాకూ ఒకేసారి అర్థమైంది. ఆయనకు జీతం వస్తుంది కాబట్టి నేనే తప్పుకున్నాను. తర్వాత ఫ్లెక్సీల దుకాణంలో చేరి, నాయకుల పుట్టినరోజులకు రంగులు అద్దుతూ పెద్దవాణ్నయ్యాను. బోర్డు చేయించడానికి అక్కడికి వచ్చిన విజయక్క, నేను తెలుగు టైపు చేసే వేగం చూసి తన ఆఫీసుకు రమ్మంది. బోరు మోటారు స్టార్టర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి వాడకం పుస్తకాలు, అంటే యూజర్ మాన్యువళ్లు, రాసే ఆఫీసు అది.

“మూడు నెలలు చూస్త తమ్మీ. పని నచ్చితే ఉంటవు. లేకుంటే నీ ఫ్లెక్సీ దుకాణం యాడికి పోదు” అంది. అది ఎక్కడికైనా పోతే బాగుండునని నాకుండేది. ఆ దుకాణంలో పొద్దంతా నిలబడే ఉండాలి. ఇక్కడ నాకంటూ ఒక కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీని వదులుకోవడం నావల్ల కాదు.

అక్కడ రాసే పద్ధతి వింతగా ఉండేది. అక్షరాన్ని లావు చేయడానికి, రంగు వేయడానికి మీటలేమీ ఉండవు. మామూలు అక్షరాల మధ్యే చిన్న చిన్న గుర్తులు పెట్టుకుంటూ పోవాలి. మాటకు అటూ ఇటూ స్టార్ గుర్తు పెడితే లావవుతుంది, ముందు సమానం గుర్తులు పెడితే శీర్షికవుతుంది. రంగు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనే వెతికి పట్టుకున్నాను. చదరపు బ్రాకెట్లో రంగు పేరు రాసి, మాటను రెండు హ్యాష్ గుర్తుల మధ్య పెడితే, తయారైన పేజీలో ఆ మాట ఆ రంగులో మెరుస్తుంది! ఇక నన్ను ఆపడం ఎవరి తరం? శీర్షికలు నీలం, కంపెనీ పేరు గులాబీ, చేయవలసిన పనులు ఆకుపచ్చ, చేయకూడనివి ఎరుపు. ‘ఎర్రగా ఉన్నవి చేయరాదు’ అని మొదట్లో ఒక్క మాట రాసి, కింద ప్రతిచోటా ఆ మాట రాసే శ్రమ తప్పించుకున్నాను.

విజయక్క తెర మీద చూసి పడీపడీ నవ్వింది. “ఏంది తమ్మీ, పుస్తకం రాయమంటే బతుకమ్మను పేర్చినవ్?”

“పూలు తక్కువైతే చెప్పక్కా, ఇంకో వరుస పేరుస్త.”

“ముందు ఆడేటోళ్లకు చూపెడ్దాం పా” అంటూ స్కూటీ తాళం తీసుకుంది.

రాయపోల్‌లో ఆమెకు తెలిసిన మల్లవ్వ చేనులో కొత్త స్టార్టరు పెట్టారు. దారిలో ఆగి, నా రంగుల పేజీని మామూలు నల్ల జిరాక్సు తీయించింది విజయక్క. “డీలరు రైతుకు ఇచ్చేది గిదే” అంది. నాకప్పటికీ వెలగలేదు.

మల్లవ్వ కాగితాన్ని చేతికందినంత దూరం పెట్టి గట్టిగా చదివింది. “ఎర్రగున్నయి చెయ్యద్దట. గివన్ని నల్లగనే ఉన్నయి గదనే విజయా! ఏది చెయ్యాలె, ఏది చెయ్యద్దు?” కాసేపు చూసి, ఏదో ఒకటి మొదలుపెడదామనుకున్నట్టుంది. “మెయిన్ ఆన్‌లో ఉండగా మూత తీయడం... సరే, తీస్త” అంటూ స్క్రూడ్రైవరు అందుకుంది.

నేను మెయిన్ కట్టేయడానికి ఉరికాను. విజయక్క మాత్రం నింపాదిగా ఉంది. వచ్చీ రాగానే మెయిన్ కట్టేసి, ఫ్యూజులు పీకి తన సంచిలో వేసుకుందని అప్పుడు గమనించాను.

“ఆగు పెద్దమ్మా, అది చెయ్యద్దనేది” అంది.

“మరి చెయ్యద్దని రాయాలె గద! ఎవడే గిది రాసింది?”

నేను పక్క చేనులోని మక్కకంకులను శ్రద్ధగా పరిశీలించసాగాను.

“మా ఆఫీసుల ఓ పోరడు” అంది విజయక్క.

తిరిగి వస్తుంటే వెనక సీటు మీంచి అడిగాను, “రంగులన్నీ తీసెయ్యాల్నా అక్కా?”

“ఎందుకు తీస్తవ్? మంచిగున్నయి. రంగు పోయినా మాట నిలవడాలె, గంతే.”

మర్నాడు పక్కన కూర్చుని నేర్పింది. బ్రాకెట్లో ఎరుపు అని కాదు, ప్రమాదం అని రాయాలి. ప్రమాదానికి ఏ రంగో వేరే ఫైలులో ఒక్కసారి చెప్పాలి. నేను పుస్తకమంతా తిరగరాశాను. చేయకూడని ప్రతి పనికీ ముందు ‘చేయరాదు’ అని రాసి, చుట్టూ మందపాటి గీత పెట్టాను. చూడటానికి వచ్చిన కంపెనీ యజమాని, ఎరుపు కళ్లలో పొడుస్తోంది, నారింజ రంగు చేయమన్నాడు. ఆ వేరే ఫైలులో ఒక్క మాట మార్చాను, పుస్తకమంతా నారింజైంది. ఆయన టీ కప్పు ఇంకా నోటిదాకా పోలేదు.

“ఇంకేమన్న రంగు కావాల్నా సార్, చాయ చల్లారక ముందే చేస్త” అన్నాను. విజయక్క నా కాలు తొక్కింది.

మూడు నెలలు నిండవచ్చాయి. ఉంచుతుందో పంపుతుందో ఆమె చెప్పదు, అడగడానికి నాకు నోరు రాదు. నాకు నోరు రాకపోవడం పుట్టాక అదే మొదలు. అలాంటి రోజున కొత్త పేజీ నల్ల జిరాక్సు పట్టుకుని మళ్ళీ రాయపోల్ వెళ్ళాం. మల్లవ్వ చదివింది. ముందు తానే వెళ్ళి మెయిన్ కట్టేసింది. మూత తీసింది, కాగితంలో చూపిన స్క్రూ తిప్పింది, మూత బిగించి మెయిన్ వేసింది. మోటారు గుర్రుమంది, పైపులోంచి నీళ్లు ఎగదన్నాయి.

“నేనే రాసిన అవ్వా!” అన్నాను, ఛాతీ విరిచి.

మల్లవ్వ నన్ను కిందికీ మీదికీ చూసి విజయక్క వైపు తిరిగింది. “మొన్న గా కాయితం రాసినోన్ని ఎల్లగొట్టి, ఈ పిలగాన్ని పెట్టుకున్నరా ఏందే?”

“అవ్ పెద్దమ్మా” అంది విజయక్క, ముఖంలో నవ్వు కనబడనీయకుండా. “గా పోరన్ని తీసేసినం. ఇగ వీడే ఉంటడు.”

నా ఉద్యోగం ఖాయమైందని నాకు తెలిసింది అలా.

విజయక్క ఇప్పుడు హైదరాబాదులో పెద్ద కంపెనీలో ఉంది. ఇక్కడ ఆమె పని నేను చూస్తున్నాను. ఏ పేజీ రాసినా ముందు రంగులన్నీ తీసేసి, మల్లవ్వలాగా గట్టిగా ఒకసారి చదువుతాను. ఆ తీసేసిన పోరడు మాత్రం పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడూ వచ్చి నా భుజం మీంచి తొంగిచూసి, “ఇంత గులాబీ పెట్టనా?” అని అడుగుతాడు. నేను విజయక్కలాగే పడీపడీ నవ్వుతాను. “పెట్టురా” అంటాను, “ముందుగాల మాట రాయి.”