రెండు బోటాఫోగోలు, ఒక కుట్టుమిషను

మహబూబున్నీసాకు ఫుట్‌బాల్ ఆట అర్థం కాదు. అర్థం చేసుకోవాలన్న కోరిక కూడా ఆమెకు ఎన్నడూ కలగలేదు. బంతి ఒక్కటి, దాని వెంట పరిగెత్తేది ఇరవై రెండు మంది, తిట్టుకునేది మాత్రం వాడంతా. ఈ మాత్రం తెలిస్తే చాలనుకుంటుంది. అయినా ఏం లాభం? ఆ ఆట ఆమెను వదిలితే కదా! సిద్దిపేటలో నలుపు తెలుపు చారల చొక్కా వేసుకుని బంతి తన్నే ప్రతి పిల్లవాడి ఒంటిమీది గుడ్డా ఆమె మిషను కిందనుంచి వచ్చిందే. చినిగితే మళ్ళీ ఆమె దగ్గరికే వస్తుంది. మోకాళ్ళు పట్టేశాయి, సూదిలో దారం ఎక్కించాలంటే కళ్ళు ఆనడం లేదు, ఇక నడుము సంగతి అడగనే వద్దు.

ఆ చొక్కాల గుండె మీద ఉండే పేరు బోటాఫోగో. అదెక్కడి పేరు, ఎవరి పేరు అని మీరు అడిగేలోపే చెబుతాను. ఆమె భర్త జానీ పాషా కుర్రతనంలో షార్జా పోయి ఒక లాండ్రీలో పనిచేశాడు. ఎవరో ఉతకడానికి వేసి, తిరిగి తీసుకుపోని చొక్కా ఒకటి అక్కడి అలమారాలో ఏడాది పడి ఉంది. చివరికి సేటు విసుగొచ్చి “నువ్వే తీసుకో” అన్నాడు. నలుపు తెలుపు చారలు, దాని మీద ఈ పేరు. బ్రెజిల్ అనే దేశంలో, రియో అనే పట్నంలో, సముద్రం ఒడ్డున ఆ పేరుతో ఒక పేట ఉందనీ, ఆ పేటలో ఫుట్‌బాల్ క్లబ్బు ఉందనీ తోటి పనివాడెవడో చెప్పాడు. జానీ పాషా ఆ చొక్కాను, ఆ కబురును కలిపి పెట్టెలో పెట్టుకుని సిద్దిపేట వచ్చేశాడు. సముద్రం లేకపోతే ఏం, మనకు కోమటి చెరువు లేదా!

వచ్చాక ఆటోలకు సీట్లు కుట్టే దుకాణం పెట్టుకున్నాడు. దోస్తు దొరికాడు, రాజమల్లయ్య అని, మేస్త్రి పని. ఇద్దరికీ ఆట పిచ్చి. రాజమల్లయ్య పారా, గడ్డపార పట్టుకుని, సర్కారు తుమ్మలు మొలిచిన ఒక పడావు జాగను కొట్టి, చదును చేసి గ్రౌండు చేశాడు. జానీ పాషా చొక్కా తెచ్చాడు. మహబూబున్నీసా ఆ చొక్కాను కొలతకు పెట్టుకుని, నల్లగుడ్డ, తెల్లగుడ్డ పట్టీలుగా కత్తిరించి, ఒకదాని పక్కన ఒకటి అతికి పదకొండు కుట్టింది. అట్లా పుట్టింది సిద్దిపేట బోటాఫోగో.

ఆ రోజుల్లో రాజమల్లయ్య భార్య స్వరాజ్యం తన బీడీల చాట ఎత్తుకుని పొద్దున్నే వీళ్ళ అరుగు మీదికి వచ్చేసేది. ఒకామె మిషను తొక్కుతుంటే ఒకామె బీడీలు చుట్టేది. ఎన్ని మాటలు, ఎంత నవ్వు! అత్తల గురించి, ధరల గురించి, మగవాళ్ళ మోకాలి దెబ్బల గురించి. సాయంత్రం ఇంటికి పోతూ స్వరాజ్యం ఆ చాటను మిషను పక్క గోడకు ఆనించి పోయేది. మళ్ళీ రేపు వచ్చేదే కదా, మోయడం ఎందుకు అని.

మరి చెడిందెక్కడ అంటారా? హుస్నాబాద్‌లో. అక్కడి టోర్నమెంటు ఫైనల్లో అవతలివాళ్ళకు పెనాల్టీ వచ్చింది. గోల్‌లో జానీ పాషా. కెప్టెన్ రాజమల్లయ్య “ఎడమకు దుంకు” అని అరిచాడు. జానీ పాషా కుడికి దూకాడు. బంతి ఎడమకే పోయింది. అంతమంది ముందు రాజమల్లయ్య ఒక మాట అన్నాడు, జానీ పాషా రెండన్నాడు. బస్సులో సిద్దిపేట చేరేదాకా అవి ఇరవై అయ్యాయి. చొక్కా తెచ్చింది నేను, క్లబ్బు నాది అని ఒకరు. జాగ కొట్టింది నేను, క్లబ్బు నాది అని ఇంకొకరు. మరునాడు రాజమల్లయ్య వచ్చి, ఎవరితోనూ పలకకుండా, గోడకు ఆనించి ఉన్న బీడీల చాట తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి మహబూబున్నీసా కొడుకు ముజీబ్ నాలుగేళ్ళ పిల్లవాడు. ఇప్పుడు వాడికి ఇరవై రెండు.

అప్పటినుంచి ఊళ్ళో రెండు బోటాఫోగోలు. పేరు ఒకటే, చారలు అవే. ఎవరూ వదలరు. ఒకరు ఓడితే రెండోవారి వాడలో టపాకాయలు కాల్చిన రోజులున్నాయి. పేరు ఒకటే కావడంతో ఒకరికి రావలసిన కప్పు ఇంకొకరి ఇంట్లో ఆరునెలలు ఉండిపోయింది. మగవాళ్ళిద్దరూ ఎదురుపడితే ఒకరు రోడ్డుకు అటు, ఒకరు ఇటు.

ఒక్క దారి మాత్రం మిగిలింది. అతుకుల చారల చొక్కా కుట్టే చెయ్యి ఊళ్ళో ఇంకొకటి లేదు. అందుకని రాజమల్లయ్య క్లబ్బు చొక్కాలు కూడా ఇక్కడికే రావాలి. తాను రాడు కాబట్టి స్వరాజ్యాన్ని పంపేవాడు. ఏడాదిలో నాలుగైదు సార్లు, చిరుగుల మూట నెత్తిన పెట్టుకుని ఆమె వచ్చేది. ఇచ్చి పోవాలి, అంతే. కానీ ఇద్దరూ కలిసి ఆ ఇవ్వడాన్ని, ఆ లెక్క చూసుకోవడాన్ని గంటసేపు సాగదీసేవాళ్ళు. అదే మిగిలింది వాళ్ళకు. చొక్కాలు చినగాలని మహబూబున్నీసా లోపల్లోపల దువా చేసేది. చెప్పుకుంటే సిగ్గు, కానీ నిజం.

ఈ యేడు ఊరి యువజన సంఘంవాళ్ళు టోర్నమెంటు పెట్టి, ఒకే పేరుతో రెండు టీములను రాసుకోం, మీలో మీరు తేల్చుకుని రండి అన్నారు. పెద్దమనుషులు కూర్చున్నారు. రెండు క్లబ్బులూ ఒక మ్యాచ్ ఆడాలి, ఓడినవాళ్ళు పేరు వదిలేయాలి అన్నారు. రెండువైపులా సై అన్నారు. మగవాళ్ళకు ఇట్లాంటి ఆలోచనలు ఎంత తొందరగా వస్తాయో!

ఆ మాట విన్నప్పుడు ముజీబ్ ఫోను తీసి తల్లికి చూపించాడు. “చూడమ్మీ, ఆడ గూడ ఒక్కటి గాదు. సముద్రం కాడ ఒకటుంది, ఇంకో ఊర్ల ఇంకోటుంది, మరో పట్నంల మరోటుంది. అన్నిట్ల పేరు బోటాఫోగోనే. ఎవ్వలది వాళ్ళు ఆడుకుంటున్నరు.”

“మరి మీ అబ్బాకు చెప్పు.”

“చెప్పిన. సముద్రం ఉన్నోళ్ళకు ఏమైనా నడుస్తదంటుండు.”

మహబూబున్నీసా నవ్వలేదు. ఆమెకు ఒక్కటే భయం. రాజమల్లయ్య ఓడితే పేరు పోతుంది, పేరు పోతే చారలూ పోతాయి. కొత్త పేరుతో, కొత్త రంగుతో హైదరాబాదులో అచ్చువేసిన చొక్కాలు తెచ్చుకుంటారు. అవి చినిగితే పారేస్తారు. ఇక స్వరాజ్యం ఏ మూట పట్టుకుని ఈ గడప ఎక్కుతుంది? జానీ పాషా ఓడినా అంతే, ఆ పేరున్న గుడ్డను ఇక తన గడప తొక్కనివ్వడు. ఎవరు గెలిచినా తనకు ఓటమే. ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలి? చెబితే వినేవాడెవడు? నీకెందుకు, నువ్వు కుట్టు అంటారు.

మ్యాచ్ జరిగింది. బంతి ఎవరిదో వీపుకు తగిలి గోల్‌లో పడింది. ఆ వీపు ఎవరిదో కూడా ఎవరూ ఒప్పుకోలేదు. జానీ పాషా క్లబ్బు గెలిచింది. ముజీబ్ ఇంటికి వచ్చి ముఖం కడుక్కుని ముద్ద తినకుండా పడుకున్నాడు. అవతలి కెప్టెన్ రాజమల్లయ్య కొడుకు శైలేందరే. పొద్దున ఇద్దరూ ఒకే బండి మీద పనికి పోతారు. ఆ సంగతి తండ్రులకు తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం స్వరాజ్యం వచ్చింది. నెత్తిన మూట, చంకలో బీడీల చాట.

“పేరు తీసియ్యమన్నరక్కా,” అంది, మూట దించుతూ. “అంగీలు ఉండనియ్యి, పేరు తీసెయ్యాలె అన్నరు పెద్దమనుషులు. బీడీలు గూడ మస్తుగ బాకీ ఉన్నయి, ఆకు ఎండిపోతదని చాట తెచ్చుకున్న. ఒక్కదానివి ఎన్ని విప్పుతవ్, నేను గూడ విప్పుత.”

మహబూబున్నీసా రెండు బ్లేడు ముక్కలు తీసి ఒకటి ఆమెకిచ్చింది. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఒక్కో అక్షరం చుట్టూ తాను దగ్గరదగ్గరగా వేసిన కుట్టు. గట్టిగా ఉండాలని రెండు వరుసలు వేసింది కూడాను. తాను వేసిన కుట్టును తానే తెంపుతుంటే మహబూబున్నీసాకు చేతులకంటే ముందు మనసు లాగేసింది.

“దారం పోయినా పేరు ఆనుతనే ఉందక్కా,” అంది స్వరాజ్యం, సూదిబెజ్జాలు చూపించి.

“రెండు ఉతుకులైతే పోతది.”

ఇంకో రెండు అక్షరాలు ఊడాయి. తర్వాత స్వరాజ్యం తల ఎత్తకుండానే అంది. “ఇగ నేను రానేమో. కొత్తయి హైదరాబాద్‌కెళ్ళి తెప్పిస్తరంట. నీలం రంగంట.”

“ఇన్న.”

“ఎన్నేండ్లాయె అక్కా. మంచిగ కూసొని ఒక్కపూట మాట్లాడుకోలే. ఆ పేరు మా తాతదా, మీ తాతదా?” అంటూ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

పదకొండూ అయిపోయాయి. స్వరాజ్యం వాటిని మడవబోయింది.

“కూసో,” అంది మహబూబున్నీసా.

లేచింది. మోకాలు కలుక్కుమంది. దండెం మీద ఆరేసి ఉన్నాయి గెలిచిన క్లబ్బు చొక్కాలు. ఒక్కొక్కటే లాగి, ఒడిలో వేసుకుని తెచ్చి అరుగు మీద పడేసింది. మొదటిదాన్ని తీసుకుని పేరు మొదటి అక్షరం కింద బ్లేడు పెట్టింది.

“అక్కా! అవి మీ ఆయినయి! గెలిచినయి!”

“తెలుసు.”

“జానీ బావ ఊకుంటడా?”

“ఊకోకపోతే ఆయినే కుట్టుకుంటడు. నాకు యాష్టకొచ్చింది చెల్లె. వాళ్ళు కొట్లాడుకునుడు, నేను అతుకులేసుడు. వాళ్ళు గెలుసుడు, నేను విప్పుడు. ఒకల పేరు పోతే రెండోది గూడ పోవాలె. పట్టు, నువ్వు గూడ పట్టు.”

స్వరాజ్యం వీధి వైపు చూసింది. తర్వాత ఒక చొక్కా ఒడిలోకి లాక్కుంది. కాసేపటికి ఎందుకో ఇద్దరికీ నవ్వు మొదలైంది. ఆపుకుందామంటే ఆగదే! నవ్వుతూనే విప్పారు, విప్పినవాటిని అటువీ ఇటువీ ఒకే కుప్పలో విసిరారు.

సాయంత్రం జానీ పాషా దుకాణం మూసి వచ్చేసరికి అరుగు మీద ఇరవై రెండు చొక్కాల కుప్ప. రెండు ఏడో నంబర్లు, రెండు తొమ్మిదో నంబర్లు, గోల్‌కీపర్ల పచ్చ చొక్కాలు రెండు. ఒక్కదాని మీదా పేరు లేదు.

“అరె! ఇవి మనయి గావా? మన పేరేదీ?”

“దారాల్ల ఉంది. ఊడ్చిన,” అంది మహబూబున్నీసా.

ఆయన అరిచిన అరుపులకు పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు. భార్య ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ వచ్చిన రాజమల్లయ్య గేటు దగ్గర ఆగిపోయాడు. ఆ గేటు దాటి ఆయన లోపలికి వచ్చి ఎన్నేళ్ళయిందో.

“రా మరిదీ, లోపటికి రా,” అంది మహబూబున్నీసా. గొంతులో కోపం లేదు, అలసట ఒక్కటే ఉంది. “మీ ఇద్దరి అంగీలు ఈడనే ఉన్నయి. మీయి ఏవో, ఆయినయి ఏవో ఏరుకోన్రి. కరెక్టుగ ఏరితే గెలిసినోళ్ళకు పేరు మళ్ళ కుడత. ఏరకపోతే నేను సూది పట్ట. అల్లా మీద ఒట్టు.”

ముజీబ్ లోపలినుంచి వచ్చి “నాది నేను గుర్తువడత అమ్మీ” అని చెయ్యి చాచాడు. తల్లి వాడి ముఖంలోకి చూసింది. వాడు చెయ్యి వెనక్కి తీసుకుని, బండి తాళం పట్టుకుని బయటికి నడిచాడు.

నిజానికి ఏ చిరుగు ఎవరిదో, ఏ అతుకు ఏ మ్యాచ్‌దో మహబూబున్నీసాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. చాయ్ తాగినంతసేపట్లో ఏరి పెట్టగలదు. పెట్టలేదు. గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది.

మగవాళ్ళిద్దరూ కుప్పకు చెరో పక్క కూర్చున్నారు. రాజమల్లయ్య ఒకటి తీసి, కాలరు చూసి, తన పక్కన పెట్టుకున్నాడు. జానీ పాషా దాన్ని లాక్కుని తన పక్కన పెట్టుకున్నాడు. మళ్ళీ అది కుప్పలోకే పోయింది. పొద్దు గూకుతుండగా రాజమల్లయ్య చేతికి పచ్చ చొక్కా వచ్చింది. దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

“గిది నీదా, నాదా?” అన్నాడు. ఎవరినో అన్నట్టు కాదు, జానీ పాషానే అడిగాడు.

జానీ పాషా ఆ పచ్చ గుడ్డను చాలాసేపు చూశాడు. “తెల్వది,” అన్నాడు. కొంచెం ఆగి, “ఎడమకే దుంకాల్సుండె,” అన్నాడు.

రాజమల్లయ్య ఆ గుడ్డ మీది ముడతలు చేత్తో సాపు చేశాడు. చొక్కాను కుప్ప మీద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. “చీకటైంది. ఆనుతలేదు. రేపు చూద్దాం.”

స్వరాజ్యం కొంగు సర్దుకుని గేటు వైపు నడిచింది. రాజమల్లయ్య వంగి అరుగు మీది బీడీల చాటను చేతిలోకి తీసుకున్నాడు. మహబూబున్నీసా చాపిన కాళ్ళు ముడుచుకుంది. ఆనాడు కూడా ఇట్లాగే తీసుకుపోయాడు.

ఆయన రెండడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి వచ్చి, ఆ చాటను మిషను పక్క గోడకు ఆనించి, జారకుండా ఒకసారి సరిచూసి వెళ్ళిపోయాడు.