బస్సెక్కలేని అభ్యర్థి

ఈ మధ్య టీవీలో ఏ దేశపు ఎన్నికల చర్చ చూపించినా, నేను మాట్లాడేవారి కంటే ముందు వేదిక మీది కుర్చీలను చూస్తాను. ఎవరిని పిలిచారు, ఎవరిని గుమ్మం బయటే నిలబెట్టారు, పిలవడానికి పెట్టిన నిబంధనను రాసిన మహానుభావుడెవరు అన్నది తేలేదాకా నాకు కాఫీ సయించదు. (మా ఇంటావిడ దీన్ని జబ్బు అంటుంది. నేను పద్ధతి అంటాను.) ఈ జబ్బు నాకు అంటుకున్న చోటు సౌదీలోని జుబైల్. ఆ రోజుల్లో నాకు వయసు తక్కువ, ఆగ్రహం ఎక్కువ. ఇప్పటికి వాటిలో వయసు ఒక్కటే మారింది.

అక్కడ ఒక మెయింటెనెన్స్ కంపెనీలో నేను టైంకీపర్‌ని. ఎవరు ఎప్పుడు పనిలోకి వచ్చారో రాయడం నా ఉద్యోగం. ఎవరూ అడగనిది కూడా రాసిపెట్టుకోవడం నా స్వభావం. అట్లాంటి సమయంలో నితాఖత్ వచ్చింది. కంపెనీలో సౌదీవాళ్ళు ఎంతమంది ఉన్నారన్న లెక్కనుబట్టి ప్రభుత్వం ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు వేయడం మొదలుపెట్టింది. మా కంపెనీకి ఎరుపు పడింది. ఎర్ర కంపెనీ తన మనుషుల ఇకామాలను, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులను, రెన్యువల్ చేయించడానికి వీల్లేదు. దానికి బదులుగా ఆ మనుషులు యజమాని అనుమతి లేకుండానే, సౌదీవాళ్ళు చాలినంతమంది ఉన్న పచ్చ కంపెనీకి మారిపోవచ్చు. వినడానికి సుఖంగానే ఉంది. కానీ మా పాస్‌పోర్టులూ కాగితాలూ ముదీర్ గారి బీరువాలో ఉన్నాయి. క్యాంపంతా ఒక్కసారిగా ఆఫీసు మీద పడేసరికి ఆ మేనేజరు చేతులెత్తి, "అందరూ వస్తే ఎవరికీ ఇవ్వను. మీ తెలుగువాళ్ళ తరఫున ఒక్కడు రావాలి. వాహిద్! ఒక్కడే!" అని తలుపు వేసుకున్నాడు.

ఒక్కడు! మా క్యాంపులో తెలుగువాళ్ళకు మెస్సులే రెండు. ఒకటి పచ్చిపులుసు మెస్సు. జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళది. రెండోది చేపల పులుసు మెస్సు. గోదావరి జిల్లాల వాళ్ళది. మొదటి దానికి పెద్ద క్రేన్ మామ, క్రేను ఆపరేటరు, గొంతు కూడా క్రేనంతే ఎత్తు. రెండో దానికి పెద్ద స్టోరు బాబాయి, స్టోర్‌కీపరు, ఇంగ్లీషు ముక్క లేకుండా దాహం వేస్తోందని కూడా చెప్పలేని మనిషి. ఇద్దరూ "నేనే వెళ్తాను" అన్నారు. నేను అనంతపురం వాణ్ణి, నా ముద్ద నేనే కెలుక్కుని తినేవాణ్ణి కనుక ఏ పులుసుకూ చెందను. ఆ ఒక్క అర్హత మీద ఎన్నికను నడిపించే భారం నా మీద పడింది.

పరాయి దేశాల్లో ఓటుకు ముందు అభ్యర్థులను ఎదురెదురుగా పెట్టి ప్రశ్నలు అడుగుతారని ఎక్కడో చూసి ఉన్నాను. అదే పద్ధతి ఇక్కడ పెడదామన్నాను. చిక్కల్లా స్థలంతోనే వచ్చింది. అన్నం తినడానికి తప్ప పదిమంది ఒకచోట కూడితే క్యాంపు బాస్ ఊరుకోడు. అందుచేత శుక్రవారం సాయంత్రం అల్ ఖోబర్ బజారుకు మమ్మల్ని తీసుకువెళ్ళే కంపెనీ బస్సే సభాస్థలి అయింది. డ్రైవరు వెనుక ఉన్న మొదటి రెండు సీట్లు అభ్యర్థులవి, మిగతావి ఓటర్లవి. అభ్యర్థులిద్దరూ జన్మలో మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చి, "శుక్రవారం బస్సులో ప్రయాణించేవాడే అభ్యర్థి" అని నిబంధన కూడా పెట్టారు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి!

మొదటి చర్చలో మొదటి అరగంట కిటికీ సీటు ఎవరిదన్న దానికే పోయింది. ఆ తరువాత, "ముదీర్ ఎదుట ఏమంటారు?" అని నేను అడిగాను.

"ఏమంట? బల్ల గుద్ది అడుగుత!" అన్నాడు క్రేన్ మామ. "కాయితాలియ్యకుంటె క్రేను తీస్కవొయ్యి ఆయన ఆఫీసుకే హుక్కేస్త!"

వెనుక సీట్లలో ఈలలు.

"బల్ల గుద్దితే బల్ల ఇరుగుద్దయ్యా, కాయితం రాదు," అన్నాడు స్టోరు బాబాయి. "నేను రిప్రజెంటేషన్ డ్రాఫ్ట్ చేస్తాను. సబ్జెక్టు, రిఫరెన్సు, విత్ డ్యూ రెస్పెక్ట్..."

"నీ రెస్పెక్టు అయిపొయ్యేటాల్లకు మా అందరికి ముసల్తనమొస్తది బాబాయ్!"

బస్సు తిరిగివచ్చేసరికి గేటు లోపల ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పైపు ఫిట్టరు, అందరూ పైపులన్న అంటారు. అతని ఇకామా గడువు దాటి చాలా కాలమైంది. దారిలో చెక్‌పోస్టు ఉంది కనుక గేటు దాటే ధైర్యం లేదు. ఖతీఫ్‌లో ఒక ఐసు ఫ్యాక్టరీ యజమాని అతన్ని తీసుకుంటానన్నాడు; అది పచ్చ కంపెనీ. అయితే రొయ్యల సీజను మొదలయ్యేలోపు కాగితాలతో రావాలి, రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. సీజను దగ్గరికి వచ్చేసింది.

"అన్నా, నేను గుడ నిలవడ్త," అన్నాడు.

నేను నిబంధన చదివి వినిపించాను.

అతను శ్రద్ధగా విని, "బస్సెక్కే రాతుంటె నిలవడుడెందుకన్నా?" అన్నాడు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. కాగితాలు ఎవరికి అందరికన్నా అవసరమో, సరిగ్గా వాణ్ణే బయట ఉంచేటట్టు ఒక నిబంధన ఎట్లా తయారైంది? దురుద్దేశంతో రాశారా అంటే, అంత ముందుచూపు ఆ ఇద్దరికీ లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. మర్నాడు ఇద్దరి దగ్గరికీ వెళ్ళి అభ్యంతరం తెలిపాను. ఇద్దరూ "రూలంటే రూలే" అన్నారు.

అసలు వింత ఆ తరువాత మొదలైంది. రెండు రోజులు గడిచాక క్రేన్ మామ నన్ను పక్కకు పిలిచాడు. "అరే టైంకీపరూ, ఆ పైపులోన్ని రానియ్యరాదు? పాపం."

"నిబంధనో?"

"రూలు మనం రాసిందే గద. ఇగో, నీ మనసుల వెట్టుకో. ఆడు పుట్టింది మా దిక్కే, గని తినుడు బాబాయి మెస్సుల. చేపల పులుసుకు అమ్ముడువొయ్యిండు! నిలవడ్డడనుకో, బాబాయి ఓట్లే చీల్తయి. సప్పుడు జెయ్యకు."

సాయంత్రం స్టోరు బాబాయి వచ్చాడు. "ఏవయ్యా, బస్సెక్కలేడని మనిషిని వదిలేత్తావా? ఇది ప్రిన్సిపుల్ మేటరు." గొంతు తగ్గించాడు. "మా మెస్సులో తింటాడు గానీ జగిత్యాలోడు కదా. సొంతూరోడని ఆళ్ళంతా ఈడికే గుద్దేత్తారు. మామకి సగం గోవిందా! ఇది కాన్ఫిడెన్షియల్."

ఒకే మనిషి, ఇద్దరికీ ఎదుటివాడి ఓట్లను కోసే కత్తిగా కనిపించాడు! ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియకుండా దాచిపెట్టి, నిబంధన సడలించబడినదని ప్రకటించాను. కానీ సడలింపు చెక్‌పోస్టుకు తెలియదు కదా. ఆ సంగతే మా పఠాన్ డ్రైవరు ఖాన్ సాబ్‌తో టీ తాగుతూ అన్నాను. ఆయన గ్లాసు ఖాళీ చేసి, బస్సు వైపు వెళ్ళిపోయాడు.

శుక్రవారం అందరం బస్సెక్కి కూర్చున్నాం. ఖాన్ సాబ్ ఇంజను స్టార్టు చేసి, చెవి ఒగ్గి విని, తల అడ్డంగా ఊపాడు. "గాడీ మే తక్లీఫ్ హై. ఆధా ఘంటా." బండికి ఏదో జబ్బట, అరగంట ఆగాలట. ఏసీ మాత్రం చల్లగా వస్తూనే ఉంది. బస్సు గేటుకు లోపలే ఉంది. పైపులన్న మెట్టు మీదికి ఎక్కి, రాడ్ పట్టుకుని నిలబడ్డాడు. ముందు సీట్లలో ఉన్నవాళ్ళు ఒక్క అంగుళం జరగలేదు.

నేను అదే ప్రశ్న అడిగాను. మామ క్రేను హుక్కు మళ్ళీ ఎత్తాడు. బాబాయి విత్ డ్యూ రెస్పెక్ట్‌కు ఈసారి ఒక 'కైండ్లీ' కూడా చేర్చాడు. పైపులన్న వంతు వచ్చింది.

"నాకు ఇంగ్లీషు రాదు. బల్ల గుద్దుడు రాదు. ముదీర్ ఆఫీసు గేటుకు ఇవుతలనే ఉన్నది గద, ఆడికి పోతె నన్ను పోలీసోడు వట్టడు. పొయ్యి కూసుంట."

"కూసుని?" అన్నాడు మామ, వెక్కిరింపుగా.

"కూసుంట. పొద్దుగాల కూసుంట, మాపటీలి కూసుంట. మీకు శుక్కురారం ఖోబర్ ఉన్నది, బజారున్నది. నాకేమున్నది? అందరి కాయితాలొచ్చేదాంక నేను పొయ్యేది ఏడికి మామా?"

బస్సులో పడిన నవ్వుకు అద్దాలు అదిరాయి. నవ్వినవాళ్ళలో తమ ఇకామా గడువు ఎప్పుడు తీరుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నవాళ్ళు చాలామందే ఉన్నారు.

చీటీలు వేసిన బియ్యం డబ్బా తెరిచాను. పచ్చిపులుసు "మావోడు" అని పైపులన్నకే వేసింది. చేపల పులుసు "మనతో తినేవోడు" అని అతనికే వేసింది.

"గిదేంది? బాబాయి ఓట్లే గద చీలాలె!" అని మామ నా మీదికి వచ్చాడు.

"చీలినాయి మామా. మీ ఇద్దరివీ."

పైపులన్న చెప్పినట్టే వెళ్ళి ముదీర్ తలుపు దగ్గర కూర్చున్నాడు. ముదీర్ మొదట అరిచాడు, తరువాత తిరస్కరించాడు, ఆ తరువాత అలవాటుపడి అరబ్బుల కాఫీ గావా పోయించాడు. ఆ తలుపు దగ్గరి మనిషిని వదిలించుకోవాలని చివరికి ముందుగా అతని పాస్‌పోర్టూ కాగితాలే సంతకం చేసి చేతికిచ్చాడు. పైపులన్న వాటిని కళ్ళకద్దుకుని, జేబులో పెట్టుకుని, మళ్ళీ అక్కడే కూర్చున్నాడట! "ఇవి నావి. మిగిలినోళ్ళవి?" ముదీర్ నవ్వు ఆపుకోలేక బీరువా తాళం తీయించాడని ఆఫీసు బాయ్ చెప్పాడు. రొయ్యల సీజను మొదలు కావడానికి ముందు, ఒక ఉదయం, ఐసు ఫ్యాక్టరీ బండి వచ్చి పైపులన్నను తీసుకుపోయింది. గేటు దాటేటప్పుడు అతను చెక్‌పోస్టు వైపు చేసినటువంటి సలాం ఎవరూ ఎవరికీ చేయగా నేను చూడలేదు.

దాంతో మా ప్రతినిధి స్థానం ఖాళీ అయింది. అడగవలసిన కాగితాలేవీ మిగలకపోయినా, మామా బాబాయీ ఆ సాయంత్రమే మళ్ళీ నిలబడ్డారు. ఈసారి మూడోవాణ్ణి ఎట్టి పరిస్థితిలోనూ రానివ్వకూడదన్న నిబంధన మీద ఇద్దరూ కలిసి సంతకం పెట్టారు.

తరువాతి ఏళ్ళలో పరాయి పనివాళ్ళ మీద లెవీలు వచ్చాయి, క్యాంపులు పలచబడ్డాయి, నేనూ ఇంటికి చేరాను. మామ ఇప్పటికీ ఫోను చేసి, ఆ ఓట్లు న్యాయంగా తనవేనంటాడు. నేను ఆగ్రహంగా నా రికార్డు తీసి ఖండిస్తాను. అన్నీ అందులో ఉన్నాయి, ఒక్కటి తప్ప: ఆ శుక్రవారం బస్సు ఇంజనుకు ఏమైందన్నది. ఆ గడి ఖాళీగానే ఉంది. అడగవలసిన ప్రతిదీ అడిగి రాసుకునే నేను, ఖాన్ సాబ్‌ను ఆ ఒక్క ప్రశ్న ఎందుకు అడగలేదో నాకే తెలియదు. టీవీలో కుర్చీలు లెక్కపెట్టినప్పుడల్లా ఆ గడి గుర్తొస్తుంది. కాఫీ అప్పుడు కాస్త సయిస్తుంది.