గుర్రాల మందు, ఒంటి తుమ్ము

జలుబుకు మందు తాగి పెళ్లి పోగొట్టుకోబోయిన ఘనుణ్ణి గోదావరి జిల్లా అంతా గాలించినా ఇంకొకణ్ణి చూపలేరు. ఆ ఘనుణ్ణి నేనే. నవ్వదలిస్తే ఇప్పుడే నవ్వేయండి, తర్వాత నాకు కోపం వస్తుంది.

రాజమహేంద్రవరంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కి, గుమాస్తా పనిలో చేరి, ఇంగ్లీషులో అచ్చయినదల్లా వేదమని నమ్ముతున్న రోజులవి. పిఠాపురం రైతు సూరప్పగారి అమ్మాయి సుభద్రతో సంబంధం కుదిరింది. గోదావరి స్నానానికి మా ఊరొచ్చినప్పుడు ఆమెను రేవులో ఒకసారి చూశాను. చేసుకుంటే ఆమెనే చేసుకోవాలనుకున్నాను. చిక్కల్లా కాబోయే మామగారితోనే. పిల్లి ఎదురైందని అంతకు ముందు వచ్చిన సంబంధాన్ని వీధి గుమ్మంలోంచే తిప్పి పంపిన మనిషాయన. తాంబూలాలు రేపనగా నాకు జలుబు పట్టింది.

అమ్మ శొంఠి కషాయం కాచింది. నాబోటి చదువుకున్నవాడు కషాయం తాగుతాడా? నేరుగా ఇంగ్లీషు మందుల షాపుకు వెళ్లి, ఏ సీసా మీద ఎక్కువ రోగాల పేర్లున్నాయో చూసి అది ఎంచుకున్నాను. జలుబు, కీళ్లవాతం, బట్టతల, గుర్రాల కాలివాపు, అన్నింటికీ అదొక్కటేనట. గుర్రాల దగ్గర కాస్త సందేహించాను.

“గుర్రానికే తగ్గితే మీకు తగ్గదాండి?” అన్నాడు షాపాయన.

ఆ తర్కానికి పడిపోయాను. చెంచాడు తాగమని రాసి ఉంది గానీ, అది గుర్రానికో గుమాస్తాకో రాయలేదు. పొద్దున్నే సగం సీసా తాగి రైలెక్కాను. కిరసనాయిల్లో బెల్లం కలిపినట్టుంది. దారంతా తుమ్ముతూనే ఉన్నాను.

సూరప్పగారి మండువాలో బంధువులంతా కూర్చున్నారు. ఆయన తాంబూలం పళ్లెం ఎత్తి మా నాన్నగారికి అందించబోతుండగా తుమ్మాను. ఒక్కటంటే ఒక్కటే. చూరులో పావురాలు లేచిపోయాయి. సూరప్పగారు పళ్లెం కింద పెట్టేశారు.

“ఒంటి తుమ్మండి. ఇంకెక్కడి తాంబూలాలు?”

“రెండోది వస్తే జంట తుమ్ము, శుభమేనండి,” అన్నారు పంతులుగారు నావైపు తిరిగి. “బాబూ, ఇంకొక్కటి కానివ్వండి.”

కానివ్వాలనే నాకూ ఉంది. కానీ అంతసేపూ ఎక్కడ నిద్రపోయిందో ఆ మందు, సరిగ్గా అప్పుడే పనిచేయడం మొదలెట్టింది. వేసవిలో కట్టేసిన కాలవలా ముక్కు ఎండిపోయింది. ఎండకేసి చూశాను. నాన్నగారు మిరియాల పొడి ఊదారు. పంతులుగారు తన పొడుం పీల్పించారు. ఎవరో కోడి ఈక తెచ్చి ముక్కులో తిప్పారు. నా నోరు తెరుచుకున్నప్పుడల్లా మండువా అంతా ముందుకు వంగేది, మూతపడగానే వెనక్కి వాలేది. తుమ్మితే ఊడే ముక్కు అంటారు గానీ, నాది తుమ్మకపోతే ఊడే పెళ్లి.

“మందేమైనా వేశారా ఏంటి?” అన్నారు సూరప్పగారు.

“ఇంగ్లీషు మందండి. మహా గట్టిది,” అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

ఆయన కండువా దులుపుకొని లేచారు. అంతలో లోపలి గదిలోంచి తుమ్ము వినిపించింది. సుభద్ర తుమ్మింది. పంతులుగారు కాసేపు ఆలోచించారు. వంటింట్లోంచి గారెల వాసన వస్తోంది.

“పెళ్లికొడుకు ఒకటి, పెళ్లికూతురు ఒకటి. ఇంతకు మించిన జంట తుమ్ము ఏ శాస్త్రంలోనూ లేదండి.”

సూరప్పగారు మళ్లీ పళ్లెం ఎత్తారు.

పెళ్లయ్యాక సుభద్రను అడిగాను, నా జలుబు గుమ్మం దాటి తనకెలా అంటిందని.

“జలుబూ లేదు, పాడూ లేదు. మీ ముక్కును నమ్ముకుంటే పని జరగదని మా నాయనమ్మ పొడుం నేనే పీల్చానండి,” అంది.

అందుచేత గోదావరి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. జలుబు చేస్తే శొంఠి కషాయమే తాగుతాను, గుర్రాల జోలికి పోను. మిగిలిన సగం సీసా ఏమైందంటారా? మామగారు అడిగి పుచ్చుకున్నారు. వాళ్లింట్లో శుభకార్యమంటే చాలు, వచ్చిన చుట్టాలందరికీ గుమ్మంలోనే చెంచాడు పోస్తున్నారు.