పది నిమిషాల మావయ్య

వాచీలు బాగుచేసే మావయ్యకి టైము చెప్పడం రాదు.

ఊళ్ళో గడియారాలన్నీ నలభై ఏళ్ళుగా ఆయన చేతిలో పడే దారికొచ్చాయి. రోజుకి రెండు సెకన్లు వెనకబడే వాచీని కూడా "దీనికి బద్ధకం పట్టుకుంది" అని తిట్టి, సరిచేసి పంపిస్తాడు. అంతటి మనిషి, ఆదివారం మా నడక గుంపుకి ముందు నడుస్తున్నప్పుడు "ఇంకా ఎంత దూరం?" అని ఎవరడిగినా ఒకటే మాట చెబుతాడు.

"పది నిమిషాలు."

బయల్దేరిన చోటే అడిగినా పది నిమిషాలే. గంట నడిచాక అడిగినా పది నిమిషాలే. గమ్యం చేరి, కూర్చుని, బూట్లు విప్పుకున్నాక అడిగితే ఏమంటాడో ఎవరూ పరీక్షించలేదు. చెప్పలేం, పది నిమిషాలనే అంటాడేమో. ఆయన మాలో ఎవరికీ చుట్టం కాదు. అయినా అందరికీ మావయ్యే. పది నిమిషాల మావయ్య.

ఆదివారం పొద్దున్నే ఆరింటికి రేవు పక్కన బస్సు షెడ్డు దగ్గర కలుస్తాం. సముద్రం వెంబడి కొండ అంచున కాలిబాట ఉంది. వారానికో ముక్క నడుస్తాం, చివర దొరికిన బస్సెక్కి ఇంటికొస్తాం. గుంపంటే పెద్ద గుంపేం కాదు. ముందు మావయ్య, వెనక టైలరు, మందుల షాపావిడ, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే నేను.

మావయ్యతో టైలరుకి ఎప్పుడూ పేచీయే. ఓ వారం దారి చివర బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే మావయ్య మామూలు మాటే చెప్పాడు. గంటా నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాం.

టైలరు జేబులోంచి టేపు తీశాడు. "మావయ్యా, ఓ సారి మీ పది నిమిషాల్ని కొలవనివ్వండి. ఎంత పొడుగుందో చూసుకుంటాను."

"జాకెట్టు రేపు ఇస్తానని మూడు వారాలు తిప్పుతావు. నువ్వా నా టైము కొలిచేది?"

మందుల షాపావిడ పడీ పడీ నవ్వింది. ఆ జాకెట్టు ఆవిడదే.

ఇంతకీ మా అక్క సంగతి చెప్పాలి. అక్క ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పింది. తప్పు లెక్క చేసినవాణ్ణి ఊరికే వదిలిన చరిత్ర ఆవిడకి లేదు. బావ ఉన్నట్టుండి పోయాక, మా ఇంటి పై వాటాలోకి వచ్చి చేరింది. వచ్చాక ఏడాదిన్నర గుమ్మం దిగలేదు. కిటికీ తెరలు తియ్యదు. అన్నం పెడితే తింటుంది, పెట్టకపోతే అడగదు. ఏం మాట్లాడినా "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" వినీ వినీ నాకు గుండె బరువెక్కేది.

ఓ రోజు వాచీ పట్టీ మార్పించుకోవడానికి వెళ్ళి, మాటల్లో మావయ్యకి ఇదంతా చెప్పాను. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని పనిలో పడిపోయాడు. విన్నాడో లేదో కూడా తెలియలేదు.

ఆదివారం ఐదున్నరకి మా పై వాటా తలుపు ముందు నిలబడి ఉన్నాడు.

"టీచరుగారూ, వీధి చివరిదాకా వస్తారా? పది నిమిషాలు."

"నేనెక్కడికీ రానండీ."

"పది నిమిషాలేగా. మీ తమ్ముడు కూడా వస్తాడు."

అక్క చెప్పులెందుకు వేసుకుందో నాకిప్పటికీ తెలియదు. బహుశా వాదించే ఓపిక లేకేమో. వీధి చివర మావయ్య "రేవు దాకా, పది నిమిషాలు" అన్నాడు. రేవు దగ్గర "ఆ మలుపు దాకా" అన్నాడు. మేం ఇల్లు చేరేసరికి పదకొండున్నర. అక్క దారి పొడుగునా నోరు మెదపలేదు. మెట్ల మీద కూర్చుని చెప్పుల్లోంచి ఇసక దులుపుకుంటూ, ఏడాదిన్నరలో మొదటిసారి తనంతట తానుగా నోరు విప్పింది.

"ఒరేయ్, ఆ మనిషికి లెక్కలు ఎవర్రా చెప్పింది?"

మరుసటి ఆదివారం ఐదింటికే తయారై కూర్చుంది. చేతికి వాచీ పెట్టుకుంది. వాహ్యాళికి వస్తోందనుకునేరు. ఆయన తప్పు పట్టుకోవడానికి వస్తోంది.

"బయల్దేరి ముప్పై ఏడు నిమిషాలైంది. మీరు పది అన్నారు."

"ఏ పదికి ఆ పదే టీచరుగారూ. పాతది అయిపోయింది. ఇప్పుడు కొత్తది నడుస్తోంది."

"ఇదేం లెక్కండీ? ఆరో క్లాసు పిల్లాడు కూడా ఇలా చెప్పడు!"

అలా వారం వారం ఆవిడ నిలదియ్యడం, ఆయన తల గోక్కోవడం. మేం వెనక నడుస్తూ తమాషా చూసేవాళ్ళం.

అప్పుడొచ్చింది లైట్‌హౌస్ ఆదివారం.

మా నడకలన్నిట్లోకీ అదే పెద్దది. కొండ దిగి, గులకరాళ్ళ ఒడ్డు దాటి, అవతల మెట్లెక్కి మళ్ళీ అంచు వెంబడి పోవాలి. బావా అక్కా ఏటా ఆ లైట్‌హౌస్ దగ్గరికి వెళ్ళేవాళ్ళన్న సంగతి నాకు గుర్తే లేదు. గులకరాళ్ళ మీద నడుస్తూ తలెత్తేసరికి దూరంగా తెల్లటి గోపురం కనపడింది. అక్క టక్కున ఆగిపోయి, అక్కడే ఓ రాయి మీద కూర్చుంది.

"నేను రాను. మీరు వెళ్ళండి."

వెళ్ళడానికి లేదు. అప్పటికే సముద్రం పోటు మీద ఉంది. మేం వచ్చిన దారిలో రాళ్ళ మీదికి నీళ్ళెక్కుతున్నాయి. వెనక్కి తిరిగే వీల్లేదు, అక్కడే కూర్చునే వీలూ లేదు. "అక్కా, లే" అని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది. టైలరు నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాడు. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు.

మావయ్య వచ్చి పక్క రాయి మీద కూర్చున్నాడు.

అక్క ఆయన వైపు చూడకుండానే అంది. "పది నిమిషాలని మాత్రం అనకండి. ఈ ఒక్కసారి నిజం చెప్పండి. ఇంకా ఎంత?"

మావయ్య వాచీ చూసుకోలేదు.

"గంటా పన్నెండు నిమిషాలు, మీ నడకకి. మెట్లు నూట నలభై. మీకు పద్దెనిమిది నిమిషాలు పడుతుంది, మధ్యలో రెండుసార్లు ఆగుతారు. పైన చదునే. నీళ్ళు ఈ రాయి దాకా రావడానికి ఇరవై ఐదు నిమిషాలు టైముంది, మెట్లెక్కేస్తే ఇక భయం లేదు. కాబట్టి మీరు ఓ పదిహేను నిమిషాలు ఏడవొచ్చు. తొందరేం లేదు."

టైలరు చేతిలో సీసా జారి రాళ్ళ మీద పడింది.

అక్క ఏడ్చింది. బావ పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. మేమందరం అటు తిరిగి సముద్రాన్ని చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి ముక్కు చీదిన చప్పుడైంది.

"ఇన్నాళ్ళూ మీకు సరైన టైము తెలుసా?"

"వాచీల పని చేసేవాణ్ణి కదమ్మా."

అక్క ఆయన వైపు తిరిగింది. ఆ తర్వాత నవ్వు మొదలైంది. ఏడుపూ నవ్వూ కలగలిసి, కడుపు పట్టుకుని లేచింది. మెట్లెక్కింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. లైట్‌హౌస్ గోడ మీద చెయ్యి పెట్టి వాచీ చూసుకుంది.

"గంటా పదమూడు."

"ఆ ఒక్క నిమిషం ఎదురుగాలి తినేసింది" అన్నాడు మావయ్య.

మంగళవారం నేను షాపుకెళ్ళి, అంత కచ్చితంగా ఎలా చెప్పారని అడిగేశాను. ఆయన సిగ్గుపడుతూ సొరుగులోంచి పొడుగాటి నోటు పుస్తకం తీసి ముందు పెట్టాడు. ప్రతి నడకా అందులో ఉంది, నిమిషాలతో సహా. "టైలరు: మెట్లు, 31 నిమిషాలు. ఆయాసం దాచుకోవడానికి బూటు లేసు కట్టుకున్నాడు. తోడుగా నేనూ కట్టుకున్నాను." "మందుల షాపమ్మ: ఎడమ మోకాలు. దిగేటప్పుడు అందరూ నెమ్మదించాలి." పేజీ తిప్పాను. "టీచరుగారు: మొదటి ఆదివారం, ఒక్క మాట లేదు. రెండో ఆదివారం, ఒకసారి తిట్టారు. ఆరో ఆదివారం, ఏడుసార్లు తిట్టారు. బాగా కోలుకుంటున్నారు."

పుస్తకం మూసి అడిగాను. "మరి పది నిమిషాలని ఎందుకు మావయ్యా?"

ఆయన పట్టకారు కింద పెట్టాడు. "మా ఆవిడకి జబ్బు చేసినప్పుడు డాక్టరు ఆరు నెలలన్నాడు. ఆ ఆరు నెలల్నీ ఒక్కసారిగా ఎలా మొయ్యాలో మాకు తెలియలేదు. ఓ రోజు తనే, 'పది నిమిషాలు కిటికీ దగ్గర కూర్చుందామా' అంది. కూర్చున్నాం. బాగానే ఉంది. తర్వాత ఇంకో పది. అలా పదకొండు నెలలు గడిపేశాం. పది నిమిషాలైతే ఎవరైనా ఓర్చుకుంటారయ్యా."

"మరి అక్కకి నిజం ఎందుకు చెప్పారు?"

"ఆవిడ అడిగింది కదా."

"మేమూ అడిగాం కదా ఇన్నేళ్ళుగా!"

"మీరు గొణిగారు. ఆవిడ అడిగింది."

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. మర్నాడు పొద్దున్నే తనే షాపుకెళ్ళి, "ఆ పుస్తకం ఇలా ఇవ్వండి" అంది. మావయ్య హోమ్‌వర్కు చెయ్యని పిల్లాడిలా బిక్కచచ్చిపోయి ఇచ్చేశాడు. అక్క దాన్ని ఇంటికి తెచ్చి, కిటికీ తెర పక్కకి లాగి, వెలుతుర్లో కూర్చుని, మధ్యాహ్నం దాకా ఆ లెక్కలన్నీ కూడి చూసింది. మూడు చోట్ల తప్పులు దొరికాయి. ఎర్ర సిరాతో సున్నాలు చుట్టింది. ఆఖరి పేజీలో ఇలా రాసి సంతకం పెట్టింది:

"లెక్కలు: నూటికి తొంభై ఏడు. సత్యం పలకడం: సున్నా. ప్రవర్తన: ఉత్తమం. పై తరగతికి పంపవచ్చు."

పుస్తకం తిరిగి చేతికొచ్చాక మావయ్య ఆ కాగితం చింపి షాపు అద్దానికి అంటించుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "తొంభై ఏడేనట! కూడికలో చిన్న పొరపాటుకి మూడు మార్కులు కోసేస్తారా?" అని మొరపెట్టుకున్నాడు.

ఆదివారం దారి పొడుగునా ఆ మూడు మార్కుల కోసమే తగువు. ఒక్కటైనా కలపమని ఆయన, అర మార్కు కూడా కలపనని ఆవిడ. చేతులూపుకుంటూ, సముద్రం హోరుకి మించి అరుచుకుంటూ ఇద్దరూ ముందు పోతుంటే, అందుకోలేక మేం వెనక పరిగెత్తాం.