బ్రేకు రాని వారం

ఎనభైల నడుమ కూర్మన్నపాలెంలో ముహూర్తం పెట్టేది పంతులే అయినా, దాన్ని ఖాయం చేసేది మాత్రం కంపెనీలో హాజరు రాసే టైమాఫీసు. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. ఆ ఊరి వరస ఇళ్ళలోని మగవాళ్ళంతా ఏదో ఒక కంపెనీలో టెంపరరీలు. ఆపకుండా పని చేయిస్తే రేపు పర్మనెంటు చెయ్యమంటారని, మూడు నెలలు నిండబోయేసరికి వాళ్ళని వారం పాటు ఇంటికి పంపేసేవారు. ఆ తరువాత కొత్తవాళ్ళలాగా మళ్ళీ చేర్చుకునేవారు. ఆ వారానికి పేరు బ్రేకు. పిల్లల చెవులు కుట్టించడం, పెళ్ళిచూపులు, పాక నేయించడం, పన్ను పీకించుకోవడం, అన్నీ బ్రేకులోనే. కుళాయి దగ్గర ఆడవాళ్ళు "మీ ఆయన బ్రేకెప్పుడే?" అని అడుగుతుంటే కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలు అదేదో పండగనుకునేవారు.

నీలకంఠం ఆ ప్లాంటులో ఖలాసీ. క్రేనుకి సైగలు చెయ్యడం అతని పని. పైన గదిలో కూర్చున్న ఆపరేటరుకి కింద సరుకు ఎక్కడ ఆనుతోందో కనబడదు. కింద నిలబడ్డవాడి చెయ్యి చూసి ఎత్తాలి, చెయ్యి చూసి దించాలి. నీలకంఠం మనిషి సన్నం, చేతులు పొడుగు. ఇంట్లోనూ మాట కంటే ముందు చెయ్యే లేచేది. పులుసు చాలనుకుంటే పిడికిలి బిగించి చూపించేవాడు.

"నోరు నేదేటి మావా? నానేటి క్రేన్ని కాను గదా," అనేది భార్య గౌరీశ్వరి.

ఆ ఏడు చలికాలంలో వచ్చే బ్రేకుకి అరకు వెళ్ళాలని నెల ముందే అనుకున్నారు. ఆ కోరిక అతని తల్లి అసిరమ్మది. ఆవిడ పుట్టిల్లు ఎస్.కోట పక్క పల్లె. కొండల్లోకి రైలు వేసిన కొత్తలో, ఊడ్పుల్లో నడుం ఎత్తి ఆ రైలుకేసి చూసిన మనిషి. అది ఎక్కడికి పోతుందో చూడకుండానే ఇంత వయసొచ్చింది. నీలకంఠం వాల్తేరు స్టేషనుకి వెళ్ళి రానూ పోనూ టిక్కెట్లు తీశాడు. తెలిసినవాళ్ళని పట్టుకుని గెస్టుహౌసులో గది కూడా చెప్పించాడు. శుక్రవారం ఎక్కడం, సోమవారం దిగడం. బ్రేకు ఎప్పుడూ తప్పింది లేదు గనక, ఎవరినీ అడగాలని తోచలేదు.

బుధవారం నాడు సూపర్వైజరు శ్రీరామ్మూర్తి అతన్ని పక్కకి పిలిచి, ప్రసాదం పెట్టినట్టు చెప్పాడు.

"నీలకంఠం, ఈసారి నీకు బ్రేకు లేదు. ఆగకుండా సాగిపో. ఏడాది అలా నడిస్తే పర్మనెంటుకి నేనే రాస్తాను."

శనివారం ఫర్నేసు నెత్తిన బోర్లించాల్సిన పెద్ద ఇనుప మూత ఎత్తాలి. క్రేను ఆపరేటరు కరీం బాషా, నీలకంఠం చెయ్యి తప్ప ఇంకో చెయ్యి చూసి ఎత్తనని మొండికేశాడట. అతనితో చేరిన టెంపరరీలంతా ఇంటికి, అతనొక్కడే పనిలో.

నీలకంఠం నేరుగా క్రేను దగ్గరికి నడిచాడు. కరీం బాషా నిచ్చెన దిగుతూనే పళ్ళన్నీ బయటపెట్టాడు.

"ఏం బావా, సారు సెప్పాడా? నానే అడిగాను. నీకు మంచి సేసానా నేదా?"

"మంచే సేసావు. ఈ వారవే దొరికిందేటి సెయ్యడానికి?"

కరీంకి అప్పుడు అరకు గుర్తొచ్చింది. తలగుడ్డ తీసి నుదురు తుడుచుకున్నాడు. "అరెరే. టిక్కెట్లు తీసీసేవు గదా," అన్నాడు మెల్లగా.

ఇంటికి వెళ్ళేసరికి అసిరమ్మ దారి తిండికి చేగోడీలు వేయిస్తోంది. ఆరేళ్ళ కూతురు చిట్టెమ్మ కొత్త గౌను అప్పుడే తొడిగేసుకుంది. నీలకంఠం కాళ్ళు కడుక్కుని, చెయ్యి గాలిలోకి లేపి, మళ్ళీ దించేసి, నోటితోనే చెప్పాడు.

అసిరమ్మ చేతిలో గరిటె దించకుండా వింది. "పర్మెంటంతే మాటలా? అది ఒగ్గీకు. రైలుకి డబ్బులిచ్చీసాం, ఇదీ ఒగ్గకూడదు. నువ్వు డూటీ సెయ్యి, మేం ఎల్తాం. నువ్వు సెయ్యూపకపోతే రైలు కదల్దేటి?"

గౌరీశ్వరి మాత్రం నవ్వలేదు. మడతపెట్టిన అతని చొక్కా సంచీలోంచి తీసి దండెం మీద వేసింది.

"పెళ్ళయినకాణ్ణించి నీ బ్రేకులన్నీ పాకకీ, పంటినొప్పికీ, మీ బాబు దినాలకీ సరిపోనాయి. ఒక్కటి నాది అనుకున్నాను."

"మూత ఎత్తీగానే ఒచ్చీత్తానే."

"ఒచ్చినప్పుడు సూద్దాం," అంది.

శుక్రవారం వాళ్ళని రైలెక్కించి ప్లాంటుకి వచ్చాడు. శనివారం పొద్దున్నుంచీ గాలి. క్రేను కొమ్ముకి కట్టిన ఎర్రగుడ్డ ఒక్క క్షణం నిలవలేదు. అంత బరువు గాలిలో ఊగితే మనుషులకే ముప్పు. అందరూ తలలెత్తి ఆ గుడ్డనే చూస్తూ టీలు తాగారు. సాయంత్రానికి శ్రీరామ్మూర్తి విసిగిపోయి, ఇక సోమవారం చూద్దామన్నాడు.

నీలకంఠం టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. సోమవారమంటే వాళ్ళు తిరిగొచ్చే రోజు.

కరీం బాషా గొంతు సవరించుకున్నాడు. "సోమారం దాకా ఎందుకు సారూ? రేపు తెల్లారీసరికి గాలి పడిపోద్ది. సముద్రం గాలి లేవకముందే ఎత్తీద్దాం."

"రేపు ఆదివారం కదయ్యా."

"ఆదోరమని గాలికి తెల్దు గదా. కాపోతే ఆదోరానికి బదులు మాకు సోమారం సెలవివ్వండి. అది బ్రేకు కిందికి రాదు, మీరే ఓపాలి సెప్పారు."

శ్రీరామ్మూర్తి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సోమవారం మీద మీకింత ప్రేమేంటో నాకు తెలీదనుకుంటున్నారా? సరే. మూత కూర్చుంటే సెలవు. కూర్చోకపోతే మాత్రం ఇద్దరినీ పైనే కూర్చోబెడతాను."

ఆదివారం తెల్లవారేసరికి ఎర్రగుడ్డ తడిబట్టలా వేలాడింది. నీలకంఠం చెయ్యెత్తాడు. ఊపిరి తీసినంత మెల్లగా మూత నేల వదిలింది. కొండంత ఇనుము అతని వేళ్ళ కదలికకి లేచి, ఆగి, జానెడు జరిగి, చివరికి బోల్టు కన్నాల మీద సరిగ్గా దిగింది. అతను పిడికిలి బిగించి చూపించేదాకా కింద ఎవరూ తల దించలేదు. సముద్రం గాలి లేచేవేళకి వాళ్ళు ఇడ్లీలు తింటున్నారు. ఆ రోజు అరకు రైలు అప్పటికే వెళ్ళిపోయింది.

సోమవారం కొండెక్కే రైలులో నీలకంఠం కూర్చోగానే నిద్రపోయాడు. సొరంగాలు, జలపాతాలు, దేన్నీ చూడలేదు. ఎవరో తట్టి లేపితే అరకులో దిగాడు. కిందికి వెళ్ళే రైలు రావడానికి ఇంకా మూడు గంటలుంది.

గెస్టుహౌసు గేటు దగ్గర అసిరమ్మ నిలబడి ఉంది, మెడలో సంతలో కొన్న పూసలదండతో.

"ఇప్పుడా రావడం? కాళ్ళు కడుక్కోకు, తిరగాల. ఇటేపు రా. అటు ఏటీ నేదు, పోలీసోళ్ళ ఇళ్ళు," అని ముందు నడిచింది. వలిసెపూల చేను చూపించింది. ఏ కొట్టులో టీ బాగుంటుందో చెప్పింది. కొట్టువాడు "అమ్మా, ఈనేనా మీ కొడుకు?" అని అడిగితే, "ఈడే. డూటీ మనిషి," అంది.

వెనకాల గౌరీశ్వరి, అతనూ పక్కపక్కన నడిచారు. చేను గట్టు మీద గౌరీశ్వరి ఆగి, "ఒచ్చేవు గదా, సాలు," అంది.

పర్మనెంటు రెండేళ్ళ తరువాత వచ్చింది. సెలవులూ వచ్చాయి. అప్పటికి అసిరమ్మ లేదు. కానీ అరకు నుంచి తిరిగొచ్చే ఆ సాయంత్రం స్టేషనులో ఆవిడ అందరికంటే ముందు పెట్టె ఎక్కి, చిట్టెమ్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కిటికీ పక్క చోటు పట్టేసింది. నీలకంఠం దారి చూద్దామని అటు వంగితే చేత్తో వెనక్కి నెట్టింది.

"నువ్వు అలాగ కళ్ళు మూసుకోని తొంగో. రేపు నీకు డూటీ."