ఖాళీ వరసలో గుల్ల

నా చిన్నప్పుడు, ఉప్పెన వచ్చి వెళ్లిన మరుసటి ఏడు, దివిసీమలో మా మేనత్త ఇంట్లో ఉండి మూడో తరగతి చదివాను. మాది సముద్రం ఒడ్డున గవ్వలదిబ్బ అనే చిన్న పల్లె. ఉప్పెనకు పల్లె మొత్తం పోయింది, మా ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. ఆ తర్వాత చుట్టుపక్కల ఎవరూ ఆ పేరు పలికేవారు కాదు. వేటకు వెళ్లేవాళ్లు కూడా "అటుపక్క" అని ఊరుకునేవారు. పేరెత్తితే పోయినవాళ్లు పలుకుతారని భయం. మా అత్త నోరు ఊరంత పెద్దది, ఈ ఒక్క మాట మాత్రం గుసగుసగా చెప్పేది. "ఎవరడిగినా ఈ ఊరిదాన్నేనని చెప్పవే. ఆ పేరు సముద్రం వింటది." ఆ మాట జవదాటితే ఇంట్లోంచి పంపేస్తుందేమోనని నా భయం నాది.

ఆ ఏడే బందరు నుంచి కొత్త పంతులమ్మగారు వచ్చారు. ఒకరోజు మా అందరిచేత ఒడ్డున ఆల్చిప్ప గుల్లలు ఏరించి, వాటి లోపల బొగ్గుతో ఎవరి పేరు వాళ్లచేత రాయించారు. బడి నేల మీద సుద్దతో అయిదు గీతలు గీసి, పాత హాజరు పట్టీ చూసి ఒక్కో గీత మొదట ఒక్కో ఊరి పేరు రాశారు. అయిదోది గవ్వలదిబ్బ. ఎవరి ఊరి గీత మీద వాళ్లు గుల్ల పెట్టాలి, ఎడం సమానంగా ఉండాలి. అప్పుడు ఏ ఊరి పిల్లలు ఎక్కువో లెక్కపెట్టకుండానే కంటికి తెలుస్తుందన్నారు.

నేను మా అత్త ఊరి వరసలో పెట్టాను. అయిదో గీత ఖాళీగా ఉండిపోయింది. పిల్లలెవరూ దానివైపు చూడలేదు, దాటాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లారు.

"అది చెరిపేయండి టీచర్ గారూ, అక్కడెవరూ లేరండి," అంది మా పక్కింటి అక్క.

"లేకపోతే ఖాళీగానే ఉండనీ అమ్మా. చెరిపేస్తే, అసలు అలాంటి ఊరే లేదనుకుంటారు చూసినవాళ్లు," అన్నారు ఆవిడ. సాయంత్రం గదికి తాళం వేసి, అవనిగడ్డ బస్సెక్కారు.

మర్నాడు ఆవిడే వచ్చి తలుపు తీశారు. అయిదో గీత మీద ఒక గుల్ల ఉంది. మిగతావన్నీ పొడిగా ఉన్నాయి, అదొక్కటే తడిగా ఉంది, కింద చిటికెడు ఇసుక. మా అత్త ఊరి వరసలో నా గుల్ల పెట్టినచోట ఖాళీ. పిల్లలు గోడకు అతుక్కుపోయారు. పంతులమ్మగారు గుల్ల తిప్పి చూశారు. లోపల నా పేరే, తడిసినా బొగ్గు చెదరలేదు.

"ఇది నీదేనా అమ్మా?"

కాదంటే మా అత్త ఇంట్లో నాకు చోటు నిలుస్తుంది. కానీ కాదనడానికి నోరు రాలేదు. మా అమ్మా నాన్నా చెల్లీ ఆ గీత మీద నిలబడి నావైపే చూస్తున్నట్టనిపించింది. "నాదేనండి. మాది గవ్వలదిబ్బండి," అన్నాను. చెవులు మూసుకున్నాను. ఎవరూ పలకలేదు.

సాయంత్రానికి కబురు మా అత్తకు చేరింది. బట్టలు మూట కట్టుకోవాలేమో అనుకుంటూ గుమ్మంలో నిలబడ్డాను. అత్త నన్ను ఒళ్లోకి లాక్కుని, ఏడాదిగా బిగబట్టిన ఏడుపంతా ఏడ్చింది. "మా అన్నయ్య ఊరే అది, మా అన్నయ్య ఊరే," అంది. తనూ అక్కడే పుట్టిందన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

చాలా ఏళ్లకు బందరులో పంతులమ్మగారిని కలిసినప్పుడు, ఆ గుల్ల మార్చింది మీరే కదా అన్నాను. ఆవిడ తెల్లబోయారు. "నేను కాదమ్మా. తాళంచెవి నా దగ్గరే ఉంది. నువ్వెలా వచ్చి పెట్టావో అని ఇన్నాళ్లూ నేనే అనుకుంటున్నాను."

మొన్న ఒక ఆఫీసులో సొంతూరు ఏదని అడిగితే చెప్పాను. కంప్యూటర్ ముందున్న అమ్మాయి ఎంత వెతికినా దొరకలేదు. "లిస్టులో లేదండీ. 'ఇతరములు'లో వేసేయనా?"

"వద్దు తల్లీ. మమ్మల్ని అందులో కలపకు. మాకు వేరే గీత ఉంది," అన్నాను.