పులి వెనక్కి వేసిన అడుగు

కోటబొమ్మాళి నుంచి విజయనగరం వచ్చి, అరవై ఆరో ఏట ఇంటర్న్‌గా చేరాను. జానపద కళలను వీడియో తీసి భద్రపరిచే చిన్న ఆఫీసు. వయసుతో పని లేదన్నారు. నా పై అధికారి ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. నన్ను మాస్టారూ అనేది. రిటైరైన స్టేషన్ మాస్టర్ని కనుక ఆ పిలుపు సరిపోయింది. మిగతా పిల్లలు మాత్రం ఇంటర్న్ తాతగారు అనేవారు.

కొత్త ఊరిని చెవులతో, ముక్కుతో నేర్చుకున్నాను. పొద్దున్నే ఒక వీధిలో వయొలిన్ సాధన, మధ్యాహ్నం ఇంకో వీధిలో మంట మీద కాచే డప్పుల వాసన. ప్రతిదీ టైముతో సహా డైరీలోకి ఎక్కేది. మూడో వారంలో పులివేషాన్ని వీడియో తీయించే పని నా వంతుకొచ్చింది.

పులి అంటే నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే మనిషి. యాభై దాటాడు. ఒళ్ళంతా ఎనామిల్ రంగు వేయించుకుంటూ నాలుగు గంటలు చేతులు చాచి నిలబడ్డాడు. తర్వాత ఒక పొట్టేలును మెడ దగ్గర పళ్ళతో పట్టి పైకెత్తి, భుజం మీదుగా వెనక్కి విసిరాడు. అది దబ్బున పడి, లేచి, వణుకుతూ నిలబడింది. అతని పెదాల మీద నెత్తురు. పొట్టేలుదా, నీదా అని అడిగాను.

"రెండూ కలిసిపోనాయి బావూ. అలాగే రాసుకో."

ఊళ్ళో ఇంకో పేటకు ఇంకో పులి ఉంది. రెంటినీ ఒకే ఫ్రేములో పట్టాలంది అమ్మాయి. ఎదురెదురుగా వచ్చే రైళ్ళను దాటించడమే నేను బతుకంతా చేసిన పని. ఒక పులి తూర్పు నుంచి, ఒకటి పడమర నుంచి, సాయంత్రం నాలుగూ పదికి ఒకే సందులోకి వచ్చేలా ఏర్పాటు చేశాను. రెండు పేటలవాళ్ళనూ విడివిడిగా కలిశాను. ఏ దారిన వస్తారు, ఎంతమంది వస్తారు, అన్నీ అడిగాను. ఎదురుగా రెండో పులి వస్తుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఎదురుపడ్డ పులుల్లో ముందుగా అడుగు వెనక్కి వేసినవాడు ఇక అమ్మవారి ముందు వేషం కట్టకూడదు. ఈ సంగతి ఆ పేటల్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదు.

నాలుగూ పదికి రెండు పేటల డప్పుల మోతలూ ఒకదాన్నొకటి తొక్కేశాయి. పులులు ముక్కుకు ముక్కు ఆనించి నిలబడ్డాయి.

"తియ్రా తోవ!"

"నువ్వే తియ్యి, మిల్లు పిల్లీ!"

నవ్వులు లేచాయి. నవ్వుల వెంటే కర్రలు లేచాయి. ఒకడి చెవి చిరిగి వేలాడింది. కెమెరా కాలువలో పడింది. నేను చేతులెత్తి, ఆగండి ఆగండి అంటూ మధ్యలోకి వెళ్ళాను. అవతలి పేట మనిషెవరో రొమ్ము మీద తోశాడు. మిల్లు పులి కాళ్ళ దగ్గర వెల్లకిలా పడ్డాను. అతని మడమ నా గొంతు మీదికి దిగబోయి, చివరి క్షణంలో వెనక నేల మీద పడింది. అప్పుడే ఎవరో విసిరిన డప్పు అంచు అతని నోటికి తగిలింది. ముందు పళ్ళు రెండు ఊడి నా చొక్కా మీద పడ్డాయి.

ఆస్పత్రిలో అతని నోటికి దూది పెట్టించి ఇంటికి తీసుకొచ్చేసరికి, అరుగు మీద రెండు పేటల పెద్దలూ కూర్చుని ఉన్నారు. వీడియో పోయింది. ఆస్పత్రి బెంచీ మీద అంతా రాసుకున్న నా డైరీ మిగిలింది.

"నువ్వు రాసినావంట గదా. ఎవుడేసినాడు ఎనక్కి అడుగు?" అన్నాడు అవతలి పెద్ద.

పులి నోట్లో దూది. రంగు మీద ఎండిన నెత్తురు. కళ్ళు నా మీదే ఉన్నాయి. అతని భార్య, "ఈడు కదల్నేదని సెప్పు బావూ," అంది.

నలభై ఏళ్ళుగా రాస్తున్న డైరీ. ఒక్క అబద్ధం లేదని నాకు గర్వం. ఆ గర్వమే పేజీ తీసి చదివింది: మిల్లు పులి ఒక అడుగు వెనక్కి. కారణం, నేను కాళ్ళ కింద పడడం.

"కారణం మాకేల? అడుగు అడుగే."

ఇవతలి పెద్ద తల దించుకుని, "అంతే," అన్నాడు.

పెద్దలు లేచి వెళ్ళగానే ఆమె కిరసనాయిలు డబ్బా తెచ్చి, గుడ్డ ముంచి, మొగుడి ఛాతీ మీద చారలు రుద్దసాగింది. చర్మం లేచిపోతుందేమో అన్నంత కసిగా రుద్దింది. అతను మూలగలేదు. నేను ఇంకో గుడ్డ అందుకున్నాను. ఆమె దాన్ని లాక్కుని నా మొహాన కొట్టింది.

"అంతా రాసినావు గదా, ఇదీ రాసుకో! పో!"

కళ్ళు మండిపోయాయి. అరుగు దిగుతుంటే వెనక నుంచి అతని గొంతు, పళ్ళ సందులోంచి గాలి పోతూ వినిపించింది.

"ఒసే, నీ సెయ్యి ఈపుకి అందదే. ఆయన్ని రుద్దనీ."

అతని వెనక కూర్చుని రుద్దాను. ఎనామిల్ ఒక పట్టాన వదల్లేదు. ఇంకా గట్టిగా రుద్దమన్నాడు.